మెడ తిప్పని డ్రైవరు

ముప్పై రెండేళ్ల ఉద్యోగంలో నాకు ఒకే ఒక్కసారి గుండెపోటు వచ్చింది. అది కూడా అబద్ధపుది. నలభై మంది కార్మికుల ఎదుట, ఘాట్ రోడ్డు మీద, బస్సు తలుపుకి అడ్డంగా పడి, కళ్లు తేలేసి, గుండె పట్టుకుని మూలిగాను. రోజూ ఈసీజీలు తీసేవాణ్ణి, గుండెపోటు నటించడం నాకో లెక్కా అనుకున్నాను. నేను పట్టుకున్నది కుడి పక్క అని తర్వాత మా డాక్టరమ్మ చెప్పింది.

ఇప్పుడు ఈ పనిలో ఉన్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. నవ్వుకోవాలనిపిస్తే నవ్వుకోండి, అడ్డు చెప్పను. కానీ చివరిదాకా చదవండి, ఎందుకంటే ఇందులో నేను చేసిన తప్పు ఒకటుంది. దానివల్ల ఒక మనిషి పోయేవాడు. ఆయనతో పాటు బస్సు కూడా పోయేది.

బస్తర్‌లో ఇనుప రాయి తవ్వే కొండ, దాని కింద ఒక కాలనీ. పేరెందుకులెండి. అప్పటికి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం రాలేదు, ఇంటి నుంచి వచ్చే ఉత్తరాల మీద మధ్యప్రదేశ్ అని ఉండేది. విజయనగరం పక్క పల్లె నుంచి వెళ్లిన నాకు అక్కడి ఆసుపత్రిలో ఈసీజీ టెక్నీషియన్ ఉద్యోగం దొరికింది. మీ మెషిన్లు పన్నెండు గీతలూ ఒక్క దెబ్బకి గీసి, పక్కన జబ్బు పేరు కూడా అచ్చు కొట్టి చేతిలో పెడుతున్నాయి. మాది ఒకే ఒక్క ముల్లున్న మెషిను. గుండెని ఒక్కో పక్క నుంచి చూసే ఒక్కో గీతనీ విడివిడిగా తీయాలి. బారెడు కాగితం బయటికి వస్తుంది. అందులోంచి ఒక్కో గీతకి మూడు నాలుగు బీట్లున్న ముక్క కత్తిరించి, అట్ట మీద వరసగా జిగురుతో అంటించాలి. మిగిలిందంతా చెత్తబుట్టలోకే.

ఈ అంటించడంలో నాకు చాలా పేరుండేది. వణుకు లేని ముక్క, వంకర లేని ముక్క, అన్నిటిలోకి చక్కనైన ముక్క ఏరి, స్కేలు పెట్టి మరీ కత్తిరించేవాణ్ణి. మా సీనియరు నా అట్టలు చూసి, "పెళ్లిచూపులకి పంపే ఫొటోల్లా ఉన్నాయిరా" అనేవాడు. నేనది పొగడ్తే అనుకుని మురిసిపోయేవాణ్ణి. పెళ్లికూతురి మెల్లకన్ను కనబడకుండా ఫొటో తీసేవాడికీ నాకూ తేడా ఏమీ లేదని అప్పట్లో తట్టలేదు.

ఇక డ్రైవరు సంగతి. బస్తర్‌కి దక్షిణపు కొసన, తెలుగు సరిహద్దులో ఉన్న దోర్నపాల్ మనిషి, కొండ మీదికి షిఫ్టు బస్సు తోలేవాడు. పుట్టిన తేదీ అడిగితే, "బస్తర్ సంస్థానం విలీనమైన ఏడు పుట్టిన్నట, మా అమ్మ చెప్పింది. నెల గిల నాకెర్కలేదు" అనేవాడు. ఆఫీసు వాళ్లు జూలై ఒకటి అని రాసేసుకున్నారు, దేశంలో సగం మందికి రాసినట్టే. ఆ లెక్కన అప్పటికి నలభైకి దగ్గర. నేను అన్నా అనేవాణ్ణి, ఆయన తమ్మీ అనేవాడు. ఇంట్లో తెలుగు, డిపోలో హిందీ, సంతలో హల్బీ, అత్తగారి ఊళ్లో దోర్లీ మాట్లాడేవాడు. తిట్టడానికి మాత్రం అన్నీ కలిపితేనే రుచి అనేవాడు.

భద్రతా వారోత్సవాలు వచ్చాయంటే మొదటి బహుమతి ఆయనదే. వరసగా మూడేళ్లు ఇచ్చారు. బస్సు తోలేటప్పుడు అటూ ఇటూ చూడడు, పక్కవాడితో కబుర్లాడడు, వెనక ఎవరు పిలిచినా తల తిప్పడు, ఇంత ఏకాగ్రత ఉన్న డ్రైవరు ఈ కొండ మీద లేడని పెద్ద ఆఫీసరు మైకులో చెప్పాడు. మేమందరం చప్పట్లు కొట్టాం. ఆయన స్టేజీ ఎక్కి వంగి దండం పెట్టి, వంగే నిలబడి, స్టీలు క్యారేజీ అందుకుని, అలాగే వంగి దిగాడు. "చూడండి ఎంత వినయమో" అని ఆఫీసరు భార్య అంది. దిగి నా దగ్గరికి వచ్చి, "ఏంది తమ్మీ, మెడ తిరగనోనికి బహుమతులిస్తున్నరు. తిరిగేటోనికి ఏమిస్తరు?" అని చెవిలో అన్నాడు. నేను నవ్వాను. ఆయన కూడా నవ్వాడు. మెడ తిరగదని ఆయన ఉన్న మాట చెబుతుంటే నాకది వేళాకోళంగా వినబడింది.

మొదటి షిఫ్టుకి అందరికన్నా గంట ముందు వచ్చి బస్సు చుట్టూ తిరిగేవాడు. పది చుట్లు, పదిహేను చుట్లు. టైర్లు చూసుకుంటున్నాడు, బాధ్యత గల మనిషి అనుకున్నాం. పొద్దున్నే నడుము కర్రలా బిగుసుకుపోయి, తిరిగితే గానీ వదలదనీ, అందుకే తిరుగుతున్నాడనీ ఎవరికి తెలుసు? అప్పుడప్పుడు ఒక్క కన్ను మాత్రం మిరపపండులా ఎర్రబడేది. ఆ రోజుల్లో డిపో సూపర్‌వైజరు నోరు వాసన చూసి గానీ తాళం ఇచ్చేవాడు కాదు. చుక్క ముట్టని మనిషి పాపం. "తాగినోడు రెండు కండ్లతోని తాగుతడు సార్, ఒక్క కంటితోని తాగుతడా?" అని వాదించేవాడు.

సగం ఘాట్‌లో ఒక మలుపు దగ్గర కుంకుమ పూసిన రాయి ఉంది. ఏ డ్రైవరైనా అక్కడ బండి నెమ్మది చేసి, హారన్ కొట్టి, చెయ్యి గుండెకి తాకించి పోవలసిందే. మా డ్రైవరు మూడో బహుమతి అందుకున్న ఏడాది నుంచీ అప్పుడప్పుడు అక్కడ బస్సు పూర్తిగా ఆపి, హ్యాండు బ్రేకు వేసి, స్టీరింగు మీదికి వాలి కళ్లు మూసుకోవడం మొదలుపెట్టాడు. ఒక నిమిషం, ఒక్కోసారి రెండు. ఆయన భక్తి చూసి బస్సులో వాళ్లందరికీ భక్తి పెరిగింది. వాళ్లు కూడా చేతులు జోడించేవారు.

ఏడాదికోసారి డ్రైవర్లకి మెడికల్ ఉంటుంది. అందులో పాసైతేనే స్టీరింగు. ఆ ఏడు ఆయన నా బల్ల మీద పడుకున్నప్పుడు తల బల్లకి ఆనలేదు. జానెడు ఎత్తున గాల్లో నిలబడింది.

"తల దించన్నా."

"దించిన తమ్మీ. ఇంతే దిగుతది."

"నిక్కకు. నిక్కితే గీత వణుకుతుంది."

"నేనెక్కడ నిక్కిన? మెడనే నిక్కింది. ఇరవై ఏండ్లు బస్సు సీటు మీద కూసుంటే నీది గూడ నిక్కుతది."

రెండు దిండ్లు పెట్టి మెషిను వేశాను. ముల్లు చక్కగా గీస్తూ పోయి ఒకచోట ఒక బీటు మింగేసింది. మూడు వేళ్ల వెడల్పున గీత ఖాళీగా సాగి, మళ్లీ అందుకుంది. మెషిను నెత్తి మీద ఒకటి మొట్టాను. ఇంకో గీత తీస్తుంటే మళ్లీ ఒక ఖాళీ. ఆ వారం కరెంటు ఎక్కుతూ దిగుతూ ఉంది, పైగా ఈయన మెడ బిగబట్టాడు, ఇంకేముంటుంది అనుకున్నాను. బయట బెంచీ మీద ఇరవై మంది డ్రైవర్లు తొందరపెడుతున్నారు. ఖాళీ ఉన్న ముక్కలు చెత్తబుట్టలో పడేసి, అందమైనవి ఏరి అట్ట మీద అంటించాను. డాక్టరమ్మ అట్ట చూసి ఫిట్ అని సంతకం పెట్టింది. ఆమెని అనడానికేం లేదు. నేను చూపించిందే కదా ఆమె చూసింది.

మూడు వారాలు గడిచాయి. కొండ మీది ఫస్టెయిడ్ గదిలో మందుల పెట్టె సర్దడానికి వెళ్లి, మధ్యాహ్నం షిఫ్టు దిగే బస్సులో తిరిగొస్తున్నాను. డ్రైవరు పక్కన, ఇంజను మూత మీద కూర్చున్నాను. మలుపు దగ్గర ఆయన మామూలుగానే బస్సు ఆపి స్టీరింగు మీదికి వాలాడు. వెనక అందరూ చేతులు జోడించారు. నేనూ జోడించబోతూ ఆయన ముఖం చూశాను. రంగు లేదు. చెంప మీదుగా చెమట ధారగా కారుతోంది.

చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది. నాడి ఒకటి కొట్టింది, ఇంకొకటి కొట్టింది, తర్వాత లేదు. ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. చాలాసేపటికి మళ్లీ తట్టింది. ఆ ఖాళీ ఎక్కడో చూశాననిపించింది. ఎక్కడో ఏమిటి, నేనే కత్తిరించి చెత్తబుట్టలో పడేశాను. ముందు భయం వేసింది, ఆ వెనకే సిగ్గు వేసింది. అదే క్షణాన వెనక సీటాయన నా భుజం తట్టి, "చేతులు జోడించవయ్యా, ఏం మనిషివి" అని మందలించాడు.

డ్రైవరు కళ్లు తెరిచాడు.

"ఏమైందన్నా?"

"ఏం గాలె. జరంత చక్కర్ వచ్చి కండ్లు తిరిగినయి. పొద్దుగాల సరిగ తినలె."

"తిండి కాదు. నీ నాడి ఆగింది."

"ఆగితే నేనెట్ల మాట్లాడుతున్న?"

ఆయన గొంతు తగ్గించాడు. "తమ్మీ, నీ కాళ్లు మొక్కుత, ఎవ్వరికి చెప్పకు. స్టీరింగ్ గుంజుకుంటరు. నాకింకో పని రాదు. ముగ్గురు పిల్లలు బడికి పోతున్నరు. అందుకనే ఈడ ఆపుతున్న. ఈడ ఆపితే ఎవ్వరు ఎందుకని అడుగరు." అంటూనే తాళం చెవి వైపు చెయ్యి చాపాడు.

కిందికి ఇంకా ఏడు మలుపులున్నాయి. డ్రైవరు గుండె ఆగుతోందని నేను అరిస్తే ఎవరు నమ్ముతారు? మూడు బహుమతులు ఆయనవి, నాకు ఒక్కటీ లేదు. అందుకని ముందు నేను తాళం చెవి లాక్కున్నాను. లాక్కుని "అమ్మో" అని తలుపుకి అడ్డంగా పడిపోయాను.

పెద్ద గందరగోళం అయింది. ఒకాయన టోపీతో విసిరాడు. ఒకాయన ముఖాన నీళ్లు కొట్టాడు. ఇంకొకాయన "చేతిలో ఇనుము పెట్టండి, ఇనుము పెట్టండి" అని కేకలు వేశాడు. ఇనుప కొండ మీద పడి ఉన్నవాడికి ఇంకా ఇనుము దేనికో! పైగా బస్సు తాళం చెవి నా పిడికిట్లోనే ఉంది. వెనకొచ్చిన జీపు కబురు పట్టుకుని కిందికి పోయింది. అంబులెన్సు వచ్చేదాకా ముప్పావుగంట సేపు నేనక్కడ మూలుగుతూనే ఉన్నాను. అంతసేపూ నా తల ఒళ్లో పెట్టుకుని, "తమ్మీ, కండ్లు తెరువు తమ్మీ, మీ అమ్మకు నేనేం చెప్పాలె" అని ఏడ్చింది ఎవరనుకున్నారు? మా డ్రైవరే.

డాక్టరమ్మ రాయ్‌పూర్ మనిషి, హిందీలోనే మాట్లాడేది. అంబులెన్సు దిగి పరుగున వచ్చి నా మీద వంగింది. "నాకేం లేదు మేడం, డ్రైవరుని చూడండి, నాడి ఆగింది" అని గొణిగాను. "పాగల్ హై క్యా?" అంది. అయినా ఆయన నాడి పట్టుకుంది. ఆ వేళకి నాడి గడియారంలా కొట్టుకుంటోంది, నా ఖర్మ. నా వైపు ఒక చూపు చూసింది. కానీ మంచి డాక్టరు కదా, వదిలెయ్యలేదు. స్టెతస్కోపు ఆయన ఛాతీ మీద పెట్టి, "కాస్త ముందుకి వంగు" అంది.

"వంగే ఉన్న గద మేడం" అన్నాడు ఆయన.

ఆమె చాలాసేపు వింది. గుండె తలుపు మూసుకున్నాక కూడా రక్తం వెనక్కి కారుతున్న చప్పుడు ఉందిట. అది ముందుకి వంగితేనే బాగా వినబడుతుందిట. వంగి వంగి బహుమతులు అందుకున్న మనిషికి ఆ వంగడం మొదటిసారి పనికొచ్చింది. బస్సు తోలడానికి ఇంకో డ్రైవరుని పిలిపించి, మా ఇద్దరినీ అంబులెన్సులో ఎక్కించారు. నేను లేచి నా కాళ్ల మీద నడిచి ఎక్కడం చూశాడు మా డ్రైవరు. అంతే, ముఖం మాడ్చుకున్నాడు. నాలుగు భాషల్లోనూ తిట్టాడు.

ఆసుపత్రిలో ఎక్స్‌రే తీశారు. వెన్ను ఎముకలు ఒకదానికొకటి అతుక్కుపోయి నిలువునా ఒకే కర్ర అయి ఉన్నాయి. ఈసీజీ మళ్లీ తీశాను. బాగుంది. ఒక్క ఖాళీ లేదు. డిపో సూపర్‌వైజరు వచ్చి గుమ్మంలో నిలబడి, రేపు మొదటి షిఫ్టుకి మనిషి లేడు, నడుము నొప్పే కదా, పంపించెయ్యండి అంటున్నాడు. డ్రైవరు కూడా "బిల్కుల్ ఠీక్ మేడం" అని మంచం దిగబోతున్నాడు. డాక్టరమ్మ పాత అట్టలు తెప్పించి నా ముందు పరిచింది.

"నాడి ఆగిందని నువ్వు అంటున్నావు. ఆగలేదని నువ్వు తీసిన ఈసీజీలు అంటున్నాయి. ఎవరిని నమ్మను?" అంది.

నా జీవితంలో అంత అందమైన అట్టలు ఎప్పుడూ అంటించలేదు. ఊరుకుంటే ఊరుకోవచ్చు. చెత్తబుట్ట ఎప్పుడో ఖాళీ అయిపోయింది, సాక్ష్యం లేదు. కొత్తగా పెళ్లి కుదిరినవాణ్ణి, ఉద్యోగం పోతే ఆ పెళ్లీ పోతుంది. ఆ అట్టలే ఆయన్ని మళ్లీ స్టీరింగు దగ్గరికి పంపుతాయని కూడా తెలుసు.

"ఆ ఖాళీలు నేను కత్తిరించేశాను మేడం. మెషిను తప్పనుకున్నాను."

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది. నా బల్ల మీదున్న కత్తెర తీసి తన కోటు జేబులో వేసుకుని, "రోల్ అయిపోయేదాకా నడుపు" అంది.

నడిపాను. కాగితం బల్ల దిగి, నేల మీద చుట్టలు చుట్టుకుంటూ గుమ్మం దాకా పోయింది. సూపర్‌వైజరు తన బూట్ల మీదికి వచ్చిన కాగితాన్ని చూస్తూ నిలబడ్డాడు. రోల్ చివరికి వచ్చేసింది. ఇక నేను అబద్ధాలకోరునైపోయాను అనుకుంటుండగా ముల్లు తిన్నగా గీత గీయడం మొదలుపెట్టింది. "ఏక్... దో... తీన్... చార్..." డాక్టరమ్మ లెక్కపెడుతోంది. డ్రైవరు కళ్లు పైకి తేలిపోయాయి. నర్సు పరుగెత్తింది. ముల్లు మళ్లీ ఎగిరింది. అంత సంతోషం నాకు తర్వాత నా పెళ్లిలో కూడా కలగలేదు.

అప్పటికి ఆయన భార్య వచ్చింది. గోడకి ఆనుకుని, "ఇంట్ల గూడ రెండుపార్లు పడ్డడు మేడం. చెప్తే ఒట్టు అన్నడు" అంది.

కాస్త తేరుకున్నాక మా డ్రైవరు అడిగాడు: "నడుము నొప్పికి గుండెకు ఏం చుట్టరికం మేడం?"

ఆమె చెప్పింది నాకు తెలిసినంతలో తెలుగులో చెబుతాను. ఇది సీటు వల్ల వచ్చిన నొప్పి కాదు. ఒంటిని కాపాడవలసిన శక్తే ఎదురు తిరిగి, వెన్ను కీళ్లు వాచేలా చేస్తుంది. ఏళ్ల తరబడి వాచి వాచి ఎముకలు అతుక్కుపోతాయి. కూర్చుంటే బిగుస్తుంది, నడిస్తే వదులుతుంది. ఆ వాపు వెన్ను దగ్గరే ఆగాలని లేదు. కంటికి పోతే కన్ను ఎర్రబడుతుంది. కొందరికి గుండెలోంచి పెద్ద రక్తనాళం బయలుదేరే చోటికి పోతుంది. అక్కడి కవాటం సరిగా మూసుకోక రక్తం వెనక్కి కారుతుంది. దాని పక్కనే, కొట్టుకొమ్మని గుండెకి కబురు తీసుకెళ్లే దారి ఉంటుంది. అదీ దెబ్బతింటే ఒక్కోసారి కబురు అందదు. అందని ప్రతిసారీ ఒక ఖాళీ. ఈ వెన్ను జబ్బున్న వాళ్లందరికీ ఇలా కాదు, కానీ అందరి గుండెనీ ఒకసారి చూడాలి. బీడీ కాల్చేవాళ్లయితే మరీ చూడాలి అంటూ ఆయన చొక్కా జేబులోంచి బీడీకట్ట తీసేసుకుంది. ఆ రోజు ఆమె కోటు జేబులు బాగా నిండాయి.

పిల్లలూ, ఇంతకాలం మేం చేసింది ఏమిటో చూడండి. మెడ తిరగకపోతే ఏకాగ్రత అన్నాం. నడుము వంగిపోతే వినయం అన్నాం. గుండె ఆగితే భక్తి అన్నాం, పైగా మేం కూడా దండం పెట్టాం. రోగిని ఇంతగా గౌరవించిన కాలనీ ఇంకోటి ఉండదు.

నాకు మెమో ఇచ్చారు, పుచ్చుకున్నాను. అప్పటినుంచి అట్టతో పాటు ఒక బారెడు కాగితం కత్తిరించకుండా మడిచి పెట్టాలని డాక్టరమ్మ రూలు పెట్టింది. ఆయన్ని రైల్లో విశాఖపట్నం తీసుకెళ్లమని నన్నే పంపింది. ఆ రైలు పొద్దున్నుంచి చీకటిపడేదాకా పోతూనే ఉంటుంది. అంతసేపూ ఆయన నాతో ఒక్క మాట మాట్లాడలేదు. మంచినీళ్లు కావాలన్నా, "ఆ నాటకాలోన్ని నీళ్లడుగు" అని భార్యకి చెప్పేవాడు. నేను ఆయన ఎదుటి సీట్లోనే ఉన్నాను. ఆమె నా వైపు తిరిగేది, నేను నీళ్లిచ్చేవాణ్ణి.

పెద్దాసుపత్రిలో పేస్‌మేకరు పెట్టారు, గుండె మరిచిపోయినప్పుడల్లా గుర్తు చేసే పెట్టె. నెలకి తిరిగొచ్చాడు. స్టీరింగు ఇవ్వలేదు. స్పేరు పార్టుల కిటికీ దగ్గర కూర్చోబెట్టారు. జీతం తగ్గలేదు గానీ, కొండెక్కే మనిషికి కిటికీలోంచి బోల్టులు అందించడం చావుతో సమానం అన్నాడట. నా పేరెత్తితే లేచిపోతున్నాడట.

ఒక ఆదివారం ధైర్యం చేసి వాళ్ల క్వార్టరుకి వెళ్లాను. వాకిట్లో కూర్చున్నవాడు నన్ను చూసి లేచి లోపలికెళ్లి తలుపు వేసుకున్నాడు. ఆయన భార్య గడపలో బియ్యం ఏరుతోంది.

"వదినా, అన్నకి ఇంకా కోపం పోలేదా?"

"యాడ పోతది? పొద్దుగాల లేస్తే నిన్నే తిడ్తడు. డ్యూటీకి పోయేముంగట ఒకపారి, వచ్చినంక ఒకపారి."

"ఆ రోజు అలా పడిపోయి మోసం చేశాను. అంతకుముందు కత్తిరించి ఇంకా పెద్ద మోసం చేశాను. క్షమించమని అడుగుదామని వచ్చాను."

ఆమె చేట పక్కన పెట్టింది. "తిట్టనియ్యి మరిదీ. ఆయన జర చప్పుడు జెయ్యకుంటే నాకు కాళ్లు చేతులు ఆడయి. ఉన్నడా లేడా అని ఉరికిపోయి చూస్త. తిడ్తున్నడంటే ఉన్నట్టే గద." కొంగుతో కళ్లు తుడుచుకుంది.

లోపల్నుంచి కేక వచ్చింది: "ఏందే, పోయిండా ఆ నాటకాలోడు?"

"పోలె. ఈడనే ఉన్నడు."

కాసేపు చప్పుడు లేదు. ఆమె సగం లేచింది.

"అయితే చాయ్ పెట్టియ్యి. నేనైతే మాట్లాడ."

చాయ్ వచ్చింది. ఆయన రాలేదు. తలుపు అవతల నుంచి తిట్లు మొదలయ్యాయి, ముందు తెలుగులో, తర్వాత హిందీలో, ఆ తర్వాత నాకు రాని భాషల్లో. వదిన బియ్యం ఏరడం ఆపేసింది. గడపకి అటొకరం ఇటొకరం కూర్చుని, అవి అయిపోయేదాకా ఇద్దరం విన్నాం.